మూడింతలు పెరగమంటున్న గ్రాంటు: ఒప్పుకోవాలా, వద్దా?

ప్రశ్న: మాది చిన్న స్వచ్ఛంద సంస్థ. ఏడేళ్ళ కిందట ఇద్దరు స్నేహితులతో కలిసి మొదలుపెట్టాను. బడి అయ్యాక సాయంత్రం పూట పిల్లలకు చదవడం, లెక్కలు నేర్పే సెంటర్లు నాలుగు నడుపుతున్నాం. జీతం తీసుకునేవాళ్ళు ఐదుగురు, వాలంటీర్లు పన్నెండు మంది. వచ్చే డబ్బులో 70 శాతం ఒక్క దాతదే. మిగతాది నెలనెలా కొంచెం కొంచెం పంపే 46 మంది నుంచి వస్తుంది. ఇప్పుడు ఒక పెద్ద ఫౌండేషన్ మా పని చూసి మెచ్చుకుంది. ఏడాదిలో సెంటర్లు పన్నెండు చేస్తే రెండేళ్ళ గ్రాంటు ఇస్తామంటోంది. ఆఫీసు ఖర్చులకు మాత్రం 5 శాతానికి మించి ఇవ్వరట. అదీ ముందు మేం ఖర్చు పెట్టి, మూడు నెలలకోసారి రిపోర్టు పంపాక ఇస్తారు. బోర్డులో అందరూ సంబరంగా ఉన్నారు, ఇలాంటి అవకాశం మళ్ళీ రాదంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. అకౌంట్లు చూసే అమ్మాయి రెండు నెలల కిందట మానేసింది, ఆ పనీ నేనే చేస్తున్నాను. ఈ ఏడేళ్ళలో నేను జీతం తీసుకోలేదు. పెరగాలని లేక కాదు, చదువులో వెనకబడుతున్న పిల్లలు ఇంకా ఎంతమందో ఉన్నారు. వచ్చే నెల పదో తారీఖున బోర్డు మీటింగ్. ఏం చెప్పమంటారు?
— ఒక చిన్న సంస్థ కార్యదర్శి

జవాబు: ఇప్పుడున్న షరతులతోనే అయితే ఒప్పుకోకండి. అలాగని ఫౌండేషన్‌కు వద్దని కూడా చెప్పకండి. ఈ రెండింటి మధ్య చేయాల్సిన పని చాలా ఉంది, పదో తారీఖులోపు దాన్ని చేయొచ్చు.

మీకు నిద్ర పట్టకపోవడానికి మీ పిరికితనం కారణం కాదు. మీ బోర్డు ఇంకా వేయని లెక్కేదో మీ మనసు ముందే వేసేసింది. దాన్నే కాగితం మీద పెడదాం.

ఒక సాయంత్రం తలుపేసుకుని కూర్చోండి. ఒక సెంటరు నడవడానికి ఏడాదికి అయ్యే ఖర్చంతా రాయండి. మీరు కడుతున్నది ఒక్కటే రాస్తే చాలదు, కట్టకుండా గడిపేస్తున్నది కూడా రాయాలి. టీచర్ల జీతాలు, పుస్తకాలు, గది అద్దె ఎలాగూ రాస్తారు. ఆ తర్వాతే అసలు పని. తెలిసినవాళ్ళు ఉచితంగా ఇచ్చిన గది రేపు ఖాళీ చేయమంటే అద్దె ఎంత? టీచరు సెలవు పెట్టిన రోజు ఎవరు వెళ్తున్నారు? ఎవరో స్నేహితుడు మొహమాటానికి చేసి పెడుతున్న ఆడిట్‌కు మామూలుగా ఎంత తీసుకుంటారు? కొత్త టీచర్లకు ట్రైనింగ్, సెంటర్లన్నీ తిరగడానికి చార్జీలు, మీ సొంత ఫోను బిల్లు. అన్నిటికంటే ముఖ్యంగా మీ జీతం. మీరు తీసుకోకపోయినా సరే, మీ పని బయటి మనిషి చేస్తే ఎంత ఇవ్వాలో ఆ అంకె రాయండి.

ఇలా వచ్చిన మొత్తాన్ని వంద అనుకుందాం. నేను చూసిన చిన్న సంస్థల్ని బట్టి ఒక ఉజ్జాయింపు చెబుతాను, మీ అంకెలు మీరు వేసుకోండి. నేరుగా సెంటరు మీద పెట్టేది 80. అన్ని సెంటర్లకూ కలిపి ఆఫీసులో అయ్యే ఖర్చులో ఈ సెంటరు వాటా 20. ఫౌండేషన్ ఆ 80 ఇస్తుంది, దాని మీద 5 శాతం చొప్పున ఇంకో 4 ఇస్తుంది. అంటే వందకు 84 వస్తుంది. సెంటరుకు 16 లోటు. ఎనిమిది కొత్త సెంటర్లకు 128.

ఇప్పుడు మీ 46 మంది సంగతి చూడండి. నాలుగు సెంటర్ల ఖర్చు 400 అనుకుంటే, అందులో 30 శాతం అంటే 120 వాళ్ళు ఇస్తున్నారు. ఇప్పుడున్న నాలుగు సెంటర్లలో దేనికీ పైసా మిగల్చకుండా, వాళ్ళ డబ్బంతా పట్టుకెళ్ళి కొత్త సెంటర్ల లోటులో పోసినా ఇంకా 8 తక్కువే.

బోర్డులో ఎవరో ఒకరు అడుగుతారు, నాలుగు సెంటర్లకు పెట్టుకునే అకౌంటెంటే పన్నెండింటికీ సరిపోతారు కదా అని. కొంత నిజమే. వాటా 20 నుంచి 15కి తగ్గుతుందని ఒప్పుకుందాం. అప్పుడు లోటు సెంటరుకు 11, మొత్తం 88. ఆ 46 మంది ఇచ్చేదాంట్లో ఇంచుమించు ముప్పాతిక వంతు. పైగా అన్ని ఖర్చులూ ఇలా తగ్గవు. నాలుగు సెంటర్లున్నప్పుడు ఏ టీచరుకు ఒంట్లో బాగాలేదో, ఏ పిల్లవాడు వారంగా రావట్లేదో మీకే తెలుస్తుంది. పన్నెండయ్యాక తెలియదు. మధ్యలో ఒక కోఆర్డినేటర్ కావాలి. ఆ మనిషి సగం జీతానికి రారు కదా. ఈ ఖర్చులు మెల్లగా పెరగవు, ఒక్కసారిగా ఒక మెట్టు ఎక్కుతాయి.

మీ బోర్డుకు నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: పూర్తి ఖర్చు ఇవ్వని గ్రాంటు మీకు డబ్బు ఇస్తున్నట్టే కనిపిస్తుంది గానీ, మీ దగ్గర స్వేచ్ఛగా ఉన్న కాస్త డబ్బునూ అదే లాక్కుంటుంది. అలాంటి గ్రాంటుతో ఎన్ని సెంటర్లు పెంచితే అంత బీదవాళ్ళవుతారు.

ఈ బాధ మీ ఒక్కరిదే అనుకోకండి. దీని మీద 2009లో స్టాన్‌ఫర్డ్ సోషల్ ఇన్నొవేషన్ రివ్యూ పత్రికలో ఆన్ గాగిన్స్ గ్రెగరీ, డాన్ హోవర్డ్ రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. సేవా సంస్థల్ని ఆకలితో మాడ్చే చక్రం అని దానికి పేరు పెట్టారు. ఆఫీసు ఖర్చు చాలా తక్కువ ఉండాలని దాతలు అనుకుంటారు. వాళ్ళను మెప్పించడానికి సంస్థలు కంప్యూటరు కొనవు, ట్రైనింగ్ ఇవ్వవు, ఉన్న ఖర్చును కూడా తక్కువ చేసి చూపిస్తాయి. అది చూసి దాతలు, చూశారా, ఇంత తక్కువలోనే అయిపోతుందని నమ్ముతారు. మళ్ళీ మొదటికి వస్తుంది. ఇందులో మన తప్పు కూడా ఉందని గమనించండి. మీ జీతం లేని బడ్జెట్‌ను ఏడేళ్ళుగా దాతలకు చూపిస్తూ వచ్చారు. ఒక సెంటరు నిజంగా ఎంతకు నడుస్తుందో వాళ్ళకు తెలియకుండా చేసింది మీరే. నేనూ ఒకప్పుడు అదే చేశాను, గర్వంగా కూడా చెప్పుకున్నాను.

ఫౌండేషన్ వాళ్ళతో మాట్లాడేటప్పుడు పనికొచ్చే సంగతులు రెండు మూడున్నాయి. 2013లో అమెరికాలో సేవా సంస్థల వివరాలు దాతలకు అందించే మూడు సంస్థలు, గైడ్‌స్టార్, చారిటీ నావిగేటర్, బీబీబీ వైజ్ గివింగ్ అలయన్స్, కలిసి దాతలకు బహిరంగ లేఖ రాశాయి. ఆఫీసు ఖర్చు ఎంత శాతం అన్నది ఒక్కటే చూసి సంస్థ మంచిదో కాదో తేల్చొద్దని దాని సారాంశం. అన్నాళ్ళూ సంస్థల లెక్కలు దాతల ముందు పెట్టినవాళ్ళే ఆ మాట అన్నారు. ఫోర్డ్ ఫౌండేషన్ 2015లో తన ప్రాజెక్టు గ్రాంట్లలో ఆఫీసు ఖర్చులకిచ్చే వాటాను 20 శాతానికి పెంచింది. అమెరికా ప్రభుత్వ గ్రాంట్లలో, ప్రభుత్వంతో విడిగా రేటు కుదుర్చుకోని సంస్థలు ఆఫీసు ఖర్చుల కింద తీసుకోగలిగే వాటా 10 శాతం ఉండేది, 2024 అక్టోబరు నుంచి 15 అయింది. మీ ఫౌండేషన్ ఈ నియమాలు పాటించాలని లేదు. కానీ మీరు అడుగుతున్నది గొంతెమ్మ కోరిక కాదని చూపించడానికి ఇవి చాలు.

ఇక రెండో చిక్కు, ఖర్చు పెట్టాక డబ్బు రావడం. నిజం చెప్పాలంటే 5 శాతం కంటే నాకు దీనికే ఎక్కువ భయం.

నేను ఒక చిన్న సంస్థలో చాలా ఏళ్ళు లెక్కలు చూశాను. ఒకసారి ఇలాంటి గ్రాంటే తీసుకున్నాం. కాగితం మీద బడ్జెట్ చక్కగా సరిపోయింది. రెండో వాయిదా రావాల్సిన సమయానికి అవతల మా ఫైలు చూసే అధికారి మారిపోయారు. కొత్తాయనకు మా రిపోర్టు ఫార్మాట్ నచ్చలేదు. మళ్ళీ రాసి పంపాం. అలా నాలుగు నెలలు గడిచాయి. మొదటి నెల జీతాలు చేతిలో ఉన్న డబ్బుతో ఇచ్చాం. రెండో నెల ఇంకో ప్రాజెక్టు ఖాతాలోంచి తీశాం, రాగానే వేసేద్దామనుకున్నాం. మూడో నెల అక్కడా లేదు. ఒకటో తారీఖు సాయంత్రం ఒక టీచరు నా టేబుల్ దగ్గరికి వచ్చి, చేతిలో హాజరు పట్టీ పట్టుకుని, ఇంకెవరూ వినకుండా మెల్లగా అడిగింది: "మేడమ్, ఈ నెల కూడా అంతేనా?" ఆమె ఆ వారమే మానేసింది. డబ్బు తర్వాత వచ్చింది. ఆమె రాలేదు. ఆ ఏడాది ఆడిటరు, ఒక దాత డబ్బు ఇంకో పనికి వాడారని రిపోర్టులో రాశాడు. ఆ ఒక్క వాక్యానికి రెండేళ్ళపాటు ప్రతి కొత్త దాతకూ సంజాయిషీ ఇచ్చుకున్నాం.

ఆ తర్వాత నేర్చుకున్న పని ఒకటి చెబుతాను. ఒక పెద్ద కాగితం తీసుకుని పన్నెండు నిలువు గడులు గీయండి, నెలకొకటి. పైన ఆ నెల ఖాతాలోకి నిజంగా వచ్చే డబ్బు. రావాల్సింది కాదు, వచ్చేది. దాత మార్చి అంటే మీరు మే అని రాయండి. కింద ఆ నెల బయటికి పోయేది. అట్టడుగున నెలాఖరుకు చేతిలో మిగిలేది. ఎక్కడ అంకె సున్నా కిందికి దిగుతుందో అక్కడ ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టండి. ఎనిమిది సెంటర్లు ఒకేసారి తెరిచి, మూడు నెలలు మీరే ఖర్చు పెట్టి, ఆపైన రిపోర్టు ఆమోదం కోసం ఎదురుచూస్తే నాలుగో నెలకో ఐదో నెలకో ఆ ఎర్ర గుండ్రం పడుతుందని నా అనుమానం. బడ్జెట్ షీటులో అది కనపడదు. ఏడాది మొత్తానికి లెక్క సరిపోయిన సంస్థ కూడా ఐదో నెలలో మూతపడొచ్చు.

ఇక్కడే రిజర్వు సంగతి, అంటే కష్టకాలానికి పక్కన పెట్టుకునే నిల్వ. మీ ఉత్తరంలో ఆ మాటే లేదు కాబట్టి లేదనే అనుకుంటున్నాను.

బ్రిటన్‌లో కిడ్స్ కంపెనీ అని పిల్లల కోసం పనిచేసే సంస్థ ఉండేది. 1996లో లండన్‌లో మొదలైంది. సాయం కావాలని తలుపు తట్టిన పిల్లవాణ్ణి వెనక్కి పంపకూడదన్నది వాళ్ళ పట్టుదల. పేరొచ్చింది, ప్రధానమంత్రుల దాకా అభిమానులయ్యారు, ప్రభుత్వం నుంచి కోట్ల పౌండ్లు వచ్చాయి. పని పెరిగిన కొద్దీ ఖర్చు పెరిగింది, నిల్వ మాత్రం పెరగలేదు. 2015 ఆగస్టులో మూతపడింది. అంతకు కొద్దిరోజుల ముందే ప్రభుత్వం ఇంకో 30 లక్షల పౌండ్లు ఇచ్చింది కూడా. అప్పట్లో ఆ సంస్థ మీద కొన్ని ఆరోపణలు వచ్చి, దాతలు వెనక్కి తగ్గారు. తర్వాత ఆ ఆరోపణలకు ఆధారం లేదని తేలింది. ట్రస్టీలను అనర్హులుగా ప్రకటించాలన్న కేసును 2021లో హైకోర్టు కొట్టేసింది. ఆ ఆరోపణలు రాకపోయి ఉంటే సంస్థ గట్టెక్కే అవకాశమే ఎక్కువని జడ్జి అన్నారు. ఈ కథను చాలామంది దుబారా కథగా చెబుతారు. నాకు ఆ చివరి ముక్కే ముఖ్యం. వాళ్ళ తప్పు లేని ఒక గాలివాన వచ్చింది. మూడు నాలుగు నెలలు తట్టుకునే నిల్వ లేదు. నిజం తేలేసరికి సంస్థే లేదు.

సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల ఖర్చు నిల్వ ఉండాలంటారు. మీకు ఆ అంకె చెప్పి భయపెట్టను. మొదటి లక్ష్యం ఒక నెల జీతాలు. అది కూడా ప్రాజెక్టు గ్రాంటులోంచి రాదు, ఆ డబ్బు దేనికిచ్చారో దానికే వాడాలి. మీ 46 మంది పంపే డబ్బు ఒక్కటే అందుకు పనికొస్తుంది. అందులోంచి ప్రతి నెలా పదో వంతు వేరే ఖాతాలో వేయండి. ఇద్దరు సంతకం పెడితే గానీ తీయలేని ఖాతా అయి ఉండాలి. ఎప్పుడు ముట్టుకోవచ్చు, ముట్టుకుంటే ఎన్ని నెలల్లో తిరిగి నింపాలి అన్నది బోర్డు తీర్మానంగా మినిట్స్‌లో రాయించండి. లేకపోతే ప్రతి నెలా ఏదో ఒక అత్యవసరం వస్తూనే ఉంటుంది.

అన్నట్టు, ఆ 46 మంది గురించి. మీరు వాళ్ళను ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు. నా దృష్టిలో మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన అంకె అదే. వాళ్ళలో ఎవరూ మీకు శాతాలు చెప్పలేదు. ఒకరిద్దరు మానేసినా మీ సంస్థ కూలిపోదు. ఒక దాత మీద ఆధారపడొద్దు, పది రకాల ఆదాయాలు వెతుక్కోండి అని చాలామంది సలహా ఇస్తారు. నేను ఇవ్వను. విలియం ఫాస్టర్, గెయిల్ ఫైన్ 2007లో రాసిన ఒక అధ్యయనం ఉంది. 1970 నుంచి 2003 దాకా అమెరికాలో పుట్టిన రెండు లక్షలకు పైగా సేవా సంస్థల్లో ఏడాదికి 5 కోట్ల డాలర్ల ఆదాయం దాటినవి 144 మాత్రమే. వాటిలో ఎక్కువ భాగం రకరకాల ఆదాయాలతో పెరగలేదు. ఒకే రకం ఆదాయాన్ని పట్టుకుని, దాంట్లోనే లోతుకు వెళ్ళాయి. ప్రభుత్వ నిధులైతే ప్రభుత్వ నిధులే, చిన్న దాతలైతే చిన్న దాతలే. మీరు అంత పెద్దవాళ్ళు కావాలని కాదు. ఐదుగురు ఉద్యోగులతో ఒక పక్క గ్రాంట్లు, ఒక పక్క చేతిపనుల అమ్మకం, ఇంకో పక్క సంగీత కచేరీ పెట్టి టికెట్లు అమ్మడం అంటే, నేర్పాల్సిన చదువు మూలనపడుతుందని చెప్పడానికే.

అందుకని ఈ నెలలో ఆ 46 మందికీ మీరే ఫోన్ చేయండి. రోజుకు ఇద్దరు ముగ్గురు చొప్పున. డబ్బు అడగొద్దు. మీరు మాకెందుకు పంపుతున్నారు అని అడిగి, వాళ్ళు చెప్పింది రాసుకోండి. ఇలా చేసిన ప్రతిసారీ, ఇన్నేళ్ళలో మీరు ఫోన్ చేయడం ఇదే మొదటిసారండీ అన్న మాట విని సిగ్గుపడ్డాను. వాళ్ళలో పది మంది తమకు తెలిసిన మరొకర్ని పరిచయం చేస్తే చాలు, ఒక నెల రిజర్వు ఏడాదిలో చేతికొస్తుంది.

ఇక పెరగడం. పెరగొద్దని నేను అనట్లేదు, వెనకబడుతున్న పిల్లలు ఇంకా ఎంతమందో ఉన్నారని మీరు రాసిన మాట నాకూ గుచ్చుకుంది. కానీ ఎంత అన్నదాని కంటే దేన్ని పెంచుతున్నాం అన్నది ముందు తేలాలి. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ 1980ల్లో చేసిన పని మీకు ఉపయోగపడుతుంది. విరేచనాలతో పిల్లలు చనిపోతుంటే, ఇంటింటికీ వెళ్ళి తల్లులకు ఓఆర్ఎస్ లాంటి ద్రావణం కలపడం నేర్పాలనుకున్నారు. మూడు వేళ్ళతో పట్టిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, కొలిచిన నీళ్ళు. దాన్ని ముందు కొన్ని వందల గ్రామాల్లోనే చేశారు. నేర్పడానికి వెళ్ళినవాళ్ళకు ఎన్ని ఇళ్ళు తిరిగారన్నదాన్ని బట్టి డబ్బు ఇవ్వలేదు. కొన్ని వారాల తర్వాత వేరేవాళ్ళు వెళ్ళి అడిగితే తల్లులు ఎంత గుర్తుపెట్టుకున్నారన్నదాన్ని బట్టి ఇచ్చారు. తల్లులు బాగానే గుర్తుపెట్టుకున్నారు, కానీ పిల్లలకు జబ్బు చేసినప్పుడు వాడింది తక్కువమంది. ఎందుకని చూస్తే, నేర్పేవాళ్ళలోనే చాలామందికి దాని మీద నమ్మకం లేదు, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళే వాడట్లేదు. ఇళ్ళల్లో మగవాళ్ళకు ఎవరూ చెప్పలేదు. రెండూ సరిచేసుకున్నారు. ఆ తర్వాతే దేశమంతా వెళ్ళి, 1990 నాటికి కోటీ ఇరవై లక్షల ఇళ్ళు తిరిగారు.

ఆ మొదటి వందల గ్రామాల దశలో మీరు ఉన్నారా, దాటారా? తెలుసుకోవడం తేలికే. మీ నాలుగు సెంటర్లలో మీరు అస్సలు వెళ్ళని, లేదా తక్కువ వెళ్ళే సెంటరు ఒకటుంటుంది. అక్కడ పిల్లలు మిగతా చోట్ల పిల్లల్లాగే చదువుతున్నారా? చదువుతుంటే మీ పద్ధతిలో బలముంది. లేకపోతే బలం మీలో ఉంది. మీలో ఉన్నది పన్నెండు చోట్లకు పంచలేం. రెండు వారాలు నిజంగా సెలవు పెట్టి, ఫోను ఎత్తకుండా చూడండి. ఏవేం ఆగిపోయాయో ఆ జాబితానే మీ తర్వాతి నియామకాల జాబితా. మొదటి పేరు అకౌంటెంట్ అని నేను ఇక్కడి నుంచే చెప్పగలను. ఓచర్లు డబ్బాలో పడేసి నెలాఖరున రాత్రి కూర్చుని రాస్తున్న సంస్థ, మూడు నెలలకోసారి రిపోర్టు అడిగే గ్రాంటుకు సంతకం పెట్టడం నేల విడిచి సాము చేయడమే.

మీ జీతం గురించి ఇంకొక్క మాట. సేవకు జీతమేమిటన్న మొహమాటం మీకు ఉండొచ్చు. రేపు మీకు జబ్బు చేస్తేనో, ఇల్లు మారాల్సి వస్తేనో బోర్డు మీ స్థానంలో సున్నా జీతానికి ఎవర్ని తెస్తుంది? బడ్జెట్‌లో ఆ ఉద్యోగానికి ఒక వరస పెట్టండి. డబ్బు తీసుకుని, మీకు అవసరం లేకపోతే విరాళంగా తిరిగి ఇవ్వండి, అదీ పుస్తకాల్లో కనపడాలి. తీసుకుంటే ఇంకా మంచిది.

ఇప్పుడు ఫౌండేషన్‌కు ఏం చెప్పాలి. వందకు ఎంత లోటన్న మీ లెక్క ఒక పేజీలో, నెలల గడుల కాగితం ఒక పేజీలో పట్టుకుని వెళ్ళి కలవండి. మెయిల్ వద్దు. ఇలా అడగండి: మొదటి ఏడాది ఎనిమిది కాదు, మూడు సెంటర్లు. అవి నిలబడ్డాయని ఇద్దరం కలిసి చూసుకున్నాక రెండో ఏడాది ఐదు. మొదటి మూడు నెలల్లో సెంటర్లేమీ తెరవం, ఒక అకౌంటెంట్‌నీ ఒక కోఆర్డినేటర్‌నీ పెట్టుకుంటాం, ఆ జీతాలు ఆఫీసు ఖర్చు కింద కాకుండా ప్రాజెక్టు ఖర్చు కింద రావాలి. శాతం పెంచడానికి వాళ్ళ నియమాలు ఒప్పుకోకపోయినా, ఇలా నేరుగా ప్రాజెక్టులో చూపడానికి చాలామంది ఒప్పుకుంటారు. మొదటి వాయిదా ముందే ఇవ్వాలి. గ్రాంటు ఆపేయాలనుకుంటే ఆరు నెలల ముందు చెప్పాలి. ఈ చివరిది మీకంటే పిల్లల కోసం. సెంటరు తెరిచి రెండేళ్ళకు మూసేస్తే ఆ వాడలో మీ మాట మళ్ళీ ఎవరూ నమ్మరు.

ఇవన్నీ ఒప్పుకోరు. ముందు డబ్బు, ఇద్దరి జీతాలు, ఈ రెండూ ఒప్పుకుంటే సరే అనండి, మిగతావి బేరమాడొచ్చు. ఈ రెండూ కూడా కుదరవంటే, ఈ ఏడాది మాకు శక్తి చాలదు, వచ్చే ఏడాది మళ్ళీ వస్తాం అని చెప్పి లేవండి. అలా చెప్పిన సంస్థను మళ్ళీ పిలిచిన దాతల్ని చూశాను. పిలవనివాళ్ళనూ చూశాను. ఆ రిస్కు ఉందని మీ బోర్డుకు దాచకుండా చెప్పండి.

బోర్డు మీటింగ్‌లో ఒక జాగ్రత్త. మీరు లెక్క చదివితే, ఈవిడ అలిసిపోయింది, అందుకే వద్దంటోంది అనుకుంటారు. ఆ రెండు కాగితాలూ వారం ముందే మీ ట్రెజరర్‌కు ఇచ్చి, పక్కన కూర్చుని ఒకసారి చూపించండి. తప్పులుంటే ఆయన్నే దిద్దమనండి. పదో తారీఖున లోటు 128 అన్న అంకె ఆయన నోటి నుంచి రావాలి. మీరు ఆ రోజు మినిట్స్ రాయండి చాలు.